కనుమ పైన సైకిళ్లు మార్చుకున్నాం

మా ఊరు మాచర్ల. నాది సైకిలు షాపు. షాపు అనగానే అద్దాలూ లైట్లూ ఊహించుకోవద్దు. మూడు వైపులా నిలబెట్టిన నాపరాళ్లు, పైన రేకు, ముందు గాలి పంపు, పంచర్లు చూసుకోవడానికి నీళ్ల తొట్టి. అంతే సంస్థానం. నాన్న తర్వాత దానికి నేనే రాజును. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్నకు చేతులు వణకడం మొదలైంది. స్పోకులు బిగించే చెయ్యి వణికితే చక్రం నాట్యం చేస్తుంది. అందుకని బడి మానేసి ఆయన పీట మీద నేను కూర్చున్నాను. నేను బడి మానేసిన సంగతి ఊళ్లో అందరికీ తెలిసింది గానీ, బడికి మాత్రం చాలా రోజులు తెలియలేదు.

ఆరో తరగతిలో నా బెంచీ మీదే కూర్చున్నవాడొకడు మాత్రం చదువు వదల్లేదు. లెక్కల్లో నా పలక చూసి రాసేవాడు. అందుకే సోషల్ మాస్టారయ్యాడు. ఊళ్లో ఎవరికైనా సారే, నాకు మాత్రం ఒరేయే. మూడేళ్ల కిందట వాడికి షుగరు వచ్చింది. డాక్టరు నడవమంటే, నడవడానికి సిగ్గేసి గుంటూరు పోయి గేర్ల సైకిలు కొనుక్కొచ్చాడు. దాన్ని తెచ్చి నా పీట ముందు నిలబెట్టిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏందిరా ఇది, ఎండిపోయిన మేకలాగుంది" అన్నాను.

"నీకేం తెలుసురా, దీని బరువు చూడు, ఒక చేత్తో లేస్తది."

"నీ పొట్ట ఎక్కినాక లేస్తదేమో చూడు."

అలా మొదలైంది. వాడి వెనకే ఇంకో నలుగురు మాస్టర్లు, ఒక బ్యాంకాయన గేర్ల సైకిళ్లు కొన్నారు. అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేను వాటిని ముందెప్పుడూ చూసినవాణ్ని కాను. విప్పడం, చూడడం, మళ్లీ బిగించడం, అలా నేర్చుకున్నాను. గేర్లు సర్దడం వచ్చేసింది. చెయిను తెంపి కలపడం వచ్చేసింది. "మనోడి చేతిలో ఏందో ఉందిరా" అని మావాడు అందరికీ చెప్పేవాడు. ఏడో తరగతి వాడికి ఆ మాట ఎంత బరువుగా కూర్చుంటుందో డిగ్రీలున్నవాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఊళ్లో నాకు ఉన్నదల్లా అదొక్కటే. నా నోరు ఎంత వంకరైనా చెయ్యి తప్పు చెయ్యదు అనే పేరు.

ఆదివారాలు వాడూ నేనూ కలిసి తొక్కేవాళ్లం. వాడు గేర్ల సైకిలు మీద, నేను నాన్న నల్ల సైకిలు మీద. మొదట దుర్గి దాకా, తర్వాత కారెంపూడి దాకా. క్రితం ఏడాది మిరప కోతల కాలంలో వాడికి పెద్ద చుట్టు మీద మనసుపోయింది. మాచర్ల నుంచి దుర్గి, కారెంపూడి మీదుగా బొల్లాపల్లి వైపు పోయి, అక్కడ కనుమ ఎక్కి దిగి, కొండల పక్కనుంచి అడవి అంచున తిరిగి ఊరు చేరాలి. పొద్దున బయలుదేరితే పొద్దుగూకేలోపు వస్తాం. కనుమ అంటే రోడ్డు కొండను చుట్టుకుంటూ పైకి పోయే చోటు. ఎక్కడం కష్టం. దిగడం సుఖం అనుకునేవాణ్ని.

ముందురోజు సాయంత్రం వాడు సైకిలు తెచ్చాడు.

"బ్రేకు కూస్తందిరా. పట్టినప్పుడల్లా కీ అంటది. గుంటూరోళ్లకు రెండు సార్లు చూపించినా. పోలా."

ఆ సైకిలుకు బ్రేకు రిమ్ముకు పట్టదు. చక్రం మధ్యలో పళ్లెం లాంటి రేకు ఉంటుంది, దాన్ని రెండు పక్కలా బిళ్లలు నొక్కుతాయి. నేను చక్రం తిప్పి చూశాను. కూసింది. నాన్న నాకు నేర్పిన విద్యలో రెండే పాఠాలు. కూస్తే ఆకలేసినట్టు, నూనె పొయ్యి. రబ్బరు తగిలే చోట మాత్రం పొయ్యొద్దు. మా సైకిళ్లకు బ్రేకు బిళ్లలు రబ్బరువి, రిమ్ముకు నూనె తగిలితే జారతాయి, అది చిన్నప్పుడే తెలుసు. ఇక్కడ వంగి చూశాను. రబ్బరు లేదు. ఇనుముకూ ఇనుముకూ రాపిడి. ఇన్నాళ్లూ పస్తులు పెట్టారు పాపం అనుకున్నాను. నూనె డబ్బా తీసి వెనక రేకు మీద రెండు చుక్కలు వేసి తిప్పాను. కూత పోయింది. ముందు చక్రం కూయడం లేదు గానీ, అది మాత్రం ఏం పాపం చేసింది, దానికీ రెండు చుక్కలు వేశాను.

మావాడు చెవి పెట్టి విన్నాడు. "ఒరేయ్, నువ్వు ఇంజనీరువి కావాల్సింది."

"అయ్యుంటే నీ సైకిలు ఎవడు బాగుచేస్తాడు. ఇద్దరం గుంటూరు పోయేవాళ్లం."

ఆదివారం తెల్లవారుతుండగా వాళ్లింటి ముందు నిలబడ్డాను. వాడి భార్య గేటు దాకా వచ్చింది. ఆమెకు ఈ చుట్టు ఇష్టం లేదు. ముందు వారమే వాడు స్కూల్లో షుగరు పడిపోయి, కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. బెల్లం ముక్కలు పొట్లం కట్టి నా జేబులో పెట్టింది, వాడి జేబులో కాదు.

"అన్నయ్యా, మీరున్నారని పంపిస్తున్నా. ఆయనొక్కడైతే గేటు కూడా తియ్యను. ఎట్టా తీసుకుపోతున్నారో అట్టా తెచ్చి నాకు అప్పజెప్పండి."

"రశీదు రాసిమ్మంటావా అమ్మా" అన్నాను. నవ్వింది గానీ పూర్తిగా నవ్వలేదు.

కారెంపూడి దాకా బాగానే సాగింది. మంచు పలచగా ఉంది. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు ఇద్దరం దగ్గుకుంటూ తొక్కాం. ఎదురుగా వచ్చేవాళ్లకు రెండు ముసలి ఇంజన్లు పోతున్నట్టు ఉండి ఉంటుంది. దూరంగా నల్లమల కొండలు మొదట నీలంగా, తర్వాత బూడిద రంగులో, దగ్గరికి పోయేకొద్దీ మామూలు రాళ్లూ పొదలూ అయిపోయాయి. దూరం నుంచి చూస్తే ఏదైనా అందమే. దగ్గరికి పోతే తొక్కాలి.

కనుమ మొదలయ్యాక మాటలు ఆగిపోయాయి. నా మాటలు ఆగడమంటే అది పెద్ద కనుమే. వాడు గేర్లు మార్చుకుంటూ నిదానంగా పోతున్నాడు. నేను నిలబడి తొక్కి, తొక్కలేక దిగి నెట్టి, మళ్లీ ఎక్కి. ఒక మలుపులో కోతులు పిట్టగోడ మీద వరసగా కూర్చుని మమ్మల్నే చూశాయి. వాటిలో ఒక్కటి కూడా సాయం చెయ్యలేదు.

పైకి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. రోడ్డు పక్కన చదునుగా ఒక బండ. వాడికి చెమటలు కారిపోతున్నాయి గానీ ముఖం వెలిగిపోతోంది. బెల్లం తినిపించాను. వాడు ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు, మాస్టర్ల గ్రూపులో పెట్టడానికి. కొండలు చూపించాడు, రోడ్డు చూపించాడు, చివరికి నా మీదికి తిప్పాడు.

"ఇదిగో, ఈయనే మన మెకానిక్కు. గుంటూరోళ్లు పోగొట్టలేని బ్రేకు కూత ఒక్క నిమిషంలో పోగొట్టిండు. ఇంత దూరం వచ్చినం, కిక్కురుమనలా."

వీడియో పంపేసి, ఫోను జేబులో పెట్టుకుంటూ మామూలుగా అన్నాడు. "దుర్గి దగ్గర గేదె అడ్డమొచ్చిందా, అప్పుడు బ్రేకు సరిగ్గా పట్టలా. కాస్త జారింది. మంచుకు తడిసిందేమో."

అది మంచు కాదు, నా నూనె అని నాకు అప్పుడే తెలిసింది. ఎవరూ చెప్పక్కర్లేదు. లేచి, నీళ్లు తాగుతున్నట్టు నటిస్తూ, వాడి సైకిలు వెనక చక్రం ఎత్తి తిప్పి లీవరు నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. గట్టిగా నొక్కాను. నెమ్మదించింది, ఆగలేదు. ముందుదీ అంతే. వేలితో రేకు తాకి చూస్తే జిడ్డు. అంతసేపూ చదును రోడ్డు, తర్వాత ఎక్కుడు. బ్రేకుతో పనే పడలేదు. ఇప్పుడు ముందున్నదంతా దిగుడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఎన్ని మలుపులో నాకు తెలియదు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అప్పుడే వాడి ఫోను టింగు టింగు మంటూ మోగింది. మాస్టర్లు మెచ్చుకుంటున్నారు. "చూడరా, నీకు చప్పట్లు కొడతన్నారు" అని చూపించాడు. నేను నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నా నోరు మూతపడ్డ సందర్భాలు తక్కువ. అందులో ఇది అన్నిటికన్నా తప్పుడుది.

మూసుకున్న నోరు మళ్లీ తెరుచుకున్నప్పుడు ఎప్పటి జోకే బయటికి వచ్చింది.

"ఒరేయ్, ఎక్కేటప్పుడు గేర్లు మోసినయ్ నిన్ను. దిగేటప్పుడన్నా మగాడి సైకిలు మీద దిగు."

"ఏందిరా నీ బాధ?"

"నా నల్ల సైకిలు నువ్వు దింపలేవు. అది మాస్టర్ల మాట వినదు."

"నేను దింపలేనా?"

"దింపలేవు. వద్దులే, నీ భార్యకు రశీదు ఇచ్చా నేను."

అంతే. పల్నాడులో ఎవర్నైనా ఏ పనికైనా ఒప్పించాలంటే నీ వల్ల కాదు అంటే చాలు, ఇక అడ్డం పడుకున్నా ఆగరు. వాడు నా నల్ల సైకిలు లాక్కున్నాడు. దాని బ్రేకులు నాన్న నేర్పినట్టు బిగించినవి, వాటి మీద నాకు అనుమానం లేదు. నేను వాడి సైకిలు తీసుకున్నాను. నడిపించుకుపోదామనే అనుకున్నాను మొదట. చెప్పు తెగిందనో, కాలు పట్టేసిందనో అని. కానీ వాడు నాకన్నా ముందు దిగనన్నాడు. "నువ్వు ముందు పో, నీ వేషాలు నేను చూడాలి" అన్నాడు. ఎక్కక తప్పలేదు.

మొదటి మలుపు దాకా కాళ్లు రెండూ నేలకు ఆనించి ఈడ్చుకుంటూ పోయాను. వెనక వాడు నవ్వుతున్నాడు. "ఏందిరా, ఆడపిల్ల మొదటిసారి నేర్చుకుంటన్నట్టు." రెండో మలుపుకు వాలు పెరిగింది. కుడి చెప్పు తెగి ఎగిరిపోయింది. లీవర్లు రెండూ హ్యాండిలుకు ఆనేదాకా నొక్కాను. సైకిలు నా మాట విన్నది గానీ ఒప్పుకోలేదు. గాలి చెవుల్లో హోరుమంటోంది. వాడి నవ్వు వెనక ఎక్కడో ఆగిపోయింది. మూడో మలుపు తిరగ్గానే ఎదురుగా ఒక ట్రాలీ ఆటో పైకి వస్తోంది, నిండా మిరప కోతకు పోయే ఆడవాళ్లు. రోడ్డుకు సరిగ్గా మధ్యలో వస్తోంది. ఎడమ పక్క లోయ. నేను కుడికి, కొండ వైపుకు తిప్పేశాను. అక్కడ కంకర కుప్ప ఉంది, దాని వెనక పొదలు. కంకర వరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి ఒక పెద్దావిడ నా ముఖం మీద నీళ్లు చల్లుతోంది.

"ఏంది నాయనా ఆ పోకడ. కొంపలేమన్నా అంటుకున్నయ్యా?"

"కారు కొనుక్కునే వయసులో సైకిలేందో వీళ్లకు" అంది ఇంకో ఆమె. "చూడబోతే చదువుకున్నోళ్ల మాదిరున్నారు."

"చదువుకున్నోడు వాడొక్కడే పెద్దమ్మా" అన్నాను. "పడింది నేను."

వాళ్లు నవ్వారు. మావాడు నవ్వలేదు. నా పక్కన రోడ్డు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి సైకిలు దగ్గరికి పోయి బ్రేకు నొక్కి చూసి వచ్చాడు.

"బ్రేకు లేదురా దానికి. అసలు లేదు. ఇంతసేపూ ఆ సైకిలు నా కింద ఉంది."

నేను భుజం పట్టుకుని మూలిగాను. భుజం దగ్గర ఎముక విరిగిందని ఆసుపత్రిలో చెప్పారు. ఆ ట్రాలీ ఆటోలోనే, కోతకు తీసుకుపోతున్న ఖాళీ గోతాల మీద పడుకోబెట్టి కిందికి తెచ్చారు. ఆడవాళ్లు ఒక పూట కూలి పోగొట్టుకుని నడిచి చేనికి పోయారు. వాళ్లెవరో ఇప్పటికీ తెలియదు.

తర్వాతి రోజులు దెబ్బ కన్నా కష్టంగా గడిచాయి. వాడి భార్య మొదటి మూడు రోజులు మా ఇంటికి క్యారేజీ పంపింది. నాలుగో రోజు తనే వచ్చి, మా ఆవిడ చూస్తుండగా నా తల చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

"ఆయన మీద పడాల్సింది మీ మీద పడిందన్నయ్యా. మీరు సైకిలు మార్చుకోకపోతే..." అని మిగతాది చెప్పలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

మామూలుగా అయితే నేను ఏదో ఒకటి అనేవాణ్ని. ఆ రోజు మంచం పట్టీ గోకుతూ కూర్చున్నాను. మాస్టర్లు వచ్చి చూసి పోయారు. వాడి ప్రాణం నేను కాపాడానని ఊరంతా చెప్పుకుంటోంది. పొగడ్త అంత చేదుగా ఉంటుందని నాకు తెలియదు. మా ఆవిడ మాత్రం ఒకటి రెండు సార్లు నా ముఖంలోకి చూసి, "ఏంది, దెబ్బ తగిలింది భుజానికా, నాలుకకా?" అని అడిగింది.

రెండు వారాల తర్వాత వాడు షాపుకు వచ్చాడు. నేను చెయ్యి మెడకు కట్టుకుని పీట మీద ఊరికే కూర్చుని ఉన్నాను. వాడు కోపంగా ఉన్నాడు. సైకిలును గుంటూరులో కొన్నచోటికి పంపించి గట్టిగా తగులుకున్నాడట.

"ఏమంటన్నారో తెలుసా? బ్రేకు బిళ్లల్లో నూనె ఉందంట. ఎవరో పోశారంట. తప్పించుకోటానికి ఏమన్నా చెప్తారురా వీళ్లు. నేను వదల్లా. పోయిన నెల సర్వీసు చేసింది మీవోడే గదా అన్నా. ఆయనెవరో పెద్దాయనంట, ఇరవై ఏళ్ల నుంచి అక్కడే చేస్తన్నాడంట. నేను పొయ్యలేదు బాబూ, ఎవరన్నా బ్రేకుకు నూనె పోస్తారా అని ఒట్లు పెడతన్నాడు. రేపటినుంచి ఆయన్ని రావద్దంటామన్నారు. అనమన్నా."

గాలి పంపు పక్కన ఎవరో సైకిలు ఆనించి పోయారు. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో గుంటూరులో, నా లాగే పీట మీద కూర్చుని చేతులు మసి చేసుకునే మనిషి. ఆయన చేతిక్కూడా ఒక పేరు ఉండే ఉంటుంది.

"పోసింది నేను" అన్నాను.

వాడు నవ్వాడు. "ఊరుకోరా."

"జోకు కాదు. ముందురోజు సాయంత్రం. నీ ముందరే పోశా. కూత పోయిందని నువ్వు చెవి పెట్టి విన్నావు."

వాడి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కళ్లు మాత్రం నవ్వడం మానేశాయి.

"తెలియక పోశావు."

"తెలియకే."

"మరి ఎప్పుడు తెలిసింది?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. "పైన. నువ్వు గేదె సంగతి చెప్పినప్పుడు."

వాడు గాలి పంపు పిడి పట్టుకుని రెండు సార్లు ఊరికే కొట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది.

"సైకిళ్లు మార్చింది అందుకా?"

"అందుకే."

"చెప్తే నడిచి దిగేవాళ్లం కదరా" అన్నాడు. అంతే అన్నాడు.

నడిచి దిగేవాళ్లం. గంటో గంటన్నరో పట్టేది. ఎండకు కాస్త మాడేవాళ్లం. వాడు దారంతా నన్ను ఆడిపోసుకునేవాడు, తర్వాత జన్మంతా చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. భుజం విరిగేది కాదు. ఆ ఆటో ఇంకో రెండడుగులు ముందు ఉండి ఉంటే ఆ ఆడవాళ్లలో ఎవరికేం అయ్యేదో ఆలోచించాల్సిన పనీ ఉండేది కాదు. ఇవన్నీ వాడు చెప్పలేదు. ఆ ఒక్క మాటలో ఉన్నాయి. వాడి ప్రాణం కోసం నా ప్రాణం అడ్డం వేశాననుకుంటూ వచ్చాను ఆ రెండు వారాలూ, లోపల్లోపల. నిజానికి నేను అడ్డం వేసింది నా పేరుకు.

వాడు నా ఎదుటే గుంటూరుకు ఫోను చేశాడు. "సార్, తప్పు మాదేనండీ. ఆ పెద్దాయన్ని ఏమనొద్దు. ఫోను ఆయనకివ్వండి, నేను చెప్తా" అన్నాడు. నా పేరు చెప్పలేదు. ఫోను పెట్టేసి నా వైపు చూడకుండా అడిగాడు.

"ఇంట్లో ఆమెకు చెప్పనా?"

"నేనే చెప్తా."

చెప్పడానికి ఇంకో వారం పట్టింది. ఆమె మొత్తం విని, చేతిలో ఉన్న టీ గ్లాసు నా ముందు పెట్టి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. ఆ తర్వాత రోడ్డు మీద ఎదురైతే "బాగున్నారా అన్నయ్యా" అంటుంది. అన్నయ్యా అనడం మానలేదు. కానీ వాడిని నాతో పంపేటప్పుడు గేటు దాకా రావడం మానేసింది.

అవును, మళ్లీ తొక్కుతున్నాం. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పొద్దున వాడే వచ్చి షాపు ముందు బెల్లు కొట్టాడు. కొత్త బిళ్లలు వేయించాడు, గుంటూరులోనే. అప్పటినుంచి మూడు సార్లు ఆ చుట్టు తిరిగాం. వాడు ఎప్పటిలాగే మాట్లాడతాడు, నేను ఎప్పటిలాగే జోకులేస్తాను, వాటిలో కొన్నిటికి నవ్వుతాడు. కనుమ ఎక్కుతాం. పైన బండ మీద కూర్చుంటాం. లేచాక మాత్రం వాడు సైకిలు ఎక్కడు. హ్యాండిలు పట్టుకుని నడవడం మొదలుపెడతాడు. బ్రేకులు బాగున్నాయని వాడికి తెలుసు, నాకూ తెలుసు. నేనూ దిగి పక్కన నడుస్తాను. ఎందుకని అడగలేదు. అడిగే నోరు నాకు లేదు.

క్రితం సారి సగం కనుమ దిగాక పాల క్యాన్లు వేసుకున్న మోటారు సైకిలాయన ఒకాయన మా పక్కన ఆపాడు.

"ఏంది సార్, పంచరా?"

"కాదు" అన్నాడు మావాడు.

ఆయన నా వైపు చూశాడు, ఇంకేమైనా చెబుతానేమోనని. నేను రోడ్డు చూస్తూ నడిచాను.